విశాఖ నుంచి యుద్ధవీరుల స్మారకాలను దర్శించబోయేవారికి

సముద్రంలో ప్రాణాలు విడిచిన నావికునికి చాలాసార్లు సమాధి ఉండదు కనుక, విశాఖపట్నంలో అమరులను స్మరించదలచినవారు మొదట వెళ్లవలసింది 1971 భారత్-పాకిస్తాన్ యుద్ధానికి గుర్తుగా ఆర్కే బీచ్ ఒడ్డున 1996లో నిర్మించిన 'విక్టరీ ఎట్ సీ' స్మారకం దగ్గరికే. అక్కడ ఫొటోలు దిగడంలో తప్పేమీ లేదు గాని, ఎవరిని తలచుకోవడానికి వచ్చామో తెలియకపోతే ఆ దర్శనం వల్ల మనసుకు దక్కేది చాలా తక్కువ.

అందువల్ల ముందురోజే 1971 యుద్ధం గురించి కొంత చదువుకోండి. ఆ డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి 'ఘాజీ' విశాఖ తీరానికి చేరువలోనే మునిగిపోగా, అందులోని తొంభై మందికి పైగా నావికుల్లో ఒక్కరూ బతకలేదు. అదే నెల 9న అరేబియా సముద్రంలో టార్పెడో దెబ్బకు మన 'ఖుక్రీ' నౌక మునిగినప్పుడు 18 మంది అధికారులు, 176 మంది నావికులు మరణించారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా నౌకను విడిచి రాలేదు. స్మారకం ముందు ఈ ఇరువైపుల వారినీ తలచుకోమని నా మనవి. ఘాజీలో ఉన్నవారూ ఎవరో తల్లుల బిడ్డలే. వారికోసం ఒక నిమిషం మౌనం పాటిస్తే మన విజయం చిన్నదైపోదు.

డిసెంబరు 4న నౌకాదళ దినోత్సవ కార్యక్రమాలుంటాయి కాబట్టి, ఏకాంతం కోరేవారు మరో రోజు ఉదయాన్నే వెళ్లడం మేలు. ఆ తరువాత బీచ్ రోడ్డులోనే ఉన్న కుర్సురా జలాంతర్గామి మ్యూజియం చూడండి, సోమవారం సెలవు. ఒక గది నుంచి మరో గదికి గుండ్రటి ద్వారంలోంచి వంగి దూరవలసి వచ్చినప్పుడు, ఒకదానిపై ఒకటిగా అమర్చిన ఇరుకు పడకలు కంటపడినప్పుడు, నావికుల జీవితం ఎంత కఠినమో పుస్తకం చెప్పనంతగా అర్థమవుతుంది.

సమాధులనే దర్శించదలచినవారు చెన్నై నందంబాక్కంలోని మద్రాస్ వార్ సిమెటరీకి వెళ్లవచ్చు. అక్కడ రెండవ ప్రపంచ యుద్ధ కాలపు సమాధులు 856 ఉన్నాయి. ఈ సమాధులను సంరక్షించే, 1917లో ఏర్పడిన కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ హోదాను బట్టి భేదం చూపకూడదని నియమం పెట్టుకున్నందున, అధికారి రాయీ సిపాయి రాయీ ఒకే తీరున ఉంటాయి. వరుసలన్నీ చుట్టిరావాలని తొందరపడక ఒక్క రాయి ముందు ఆగి పేరు, దళం, మరణించిన తేదీ, వయసు నిదానంగా చదవండి. ఇరవై ఏళ్లు, ఇరవై రెండేళ్లు అని కనిపించినప్పుడు వెంట ఉన్న పిల్లలకు వేరే వివరణ అక్కరలేదు. పూలు ఉంచవచ్చు గాని, నూనె, కుంకుమ, కర్పూరం రాతిపై మరకలు మిగులుస్తాయి కాబట్టి వాటిని తీసుకువెళ్లకండి.

హిందూ, సిక్కు సైనికులకు దహన సంస్కారం చేసేవారు కాబట్టి వారి పేర్లు సమాధులపై కాక స్మారక ఫలకాలపై ఉంటాయి. నాగాలాండ్ రాష్ట్రం కోహిమాలోని దహన స్మారకం ఒక్కదానిపైనే అలాంటి 917 మంది స్మృతి నిలిచి ఉంది. మీ వంశంలో ఎవరైనా ప్రపంచ యుద్ధాలకు వెళ్లి తిరిగి రాలేదని పెద్దలు చెబుతుంటే, కమిషన్ వెబ్‌సైటులో వెతికే ముందు ఇంట్లోని పాత కాగితాలను, ట్రంకుపెట్టెలో దాచిన పతకాల అంచులను పరిశీలించండి. చాలా పతకాల అంచుపై సైనికుని సర్వీసు నంబరు, పేరు చెక్కి ఉంటాయి. ఒకే పేరు గల సిపాయిలు ఎందరో ఉంటారు కనుక, ఆ నంబరు లేకుండా మీవారిని గుర్తించడం కష్టం.