ఫ్రాన్స్ కోటలో చాపెల్ చూడాలంటే ముందు నేల చూడండి

ఫ్రాన్స్ టూర్‌కి వెళ్లే మన హైదరాబాద్ వాళ్లు కోటలోని చాపెల్ (సొంత ప్రార్థనా మందిరం) లోకి అడుగుపెట్టగానే రంగుటద్దాలకి నాలుగు ఫొటోలు కొట్టి బయటికొచ్చేస్తారు. అలా చూస్తే సగం పోయినట్టే.

ముందు నేల, అంటే ఎవరు ఎక్కడ నిలబడేవారో వెతకండి. చార్మినార్ పై అంతస్తులో మసీదు ఉన్నట్టే పారిస్ రాజభవనంలోని చాపెల్ సెయింట్ షాపెల్ కూడా రెండంతస్తులు, కాకపోతే ఇక్కడ అంతస్తు అంటే హోదా: కింద రాజభవనం సిబ్బంది, పైన తొమ్మిదో లూయీ రాజు, ఆయన పరివారం. 1248లో ప్రతిష్ఠ చేశారు. రాజుగారు మెట్లెక్కే పని లేకుండా తన గదుల నుంచి నేరుగా పై అంతస్తులోకే వచ్చేవాడు.

ఆ తర్వాత పక్క గోడలు చూడండి. పశ్చిమ ఫ్రాన్స్‌లోని ఆంజే కోటలో, అంటే ఆంజూ ప్రాంతాన్ని ఏలిన డ్యూకుల కోటలో, 15వ శతాబ్దం మొదట్లో కట్టిన చాపెల్ ఉంది. ఒకటే పెద్ద హాలు, పక్కన డ్యూకు కుటుంబానికి విడిగా చిన్న గది, అందులో చలి కాచుకోవడానికి పొయ్యి కూడా! మిగతావాళ్లు చలికి వణుకుతూ ప్రార్థన చేసుకోవాల్సిందే.

ఇప్పుడు తలెత్తండి. ఆంజే పైకప్పు బోర్లించిన మూకుడులా మధ్యలో ఉబ్బి ఉంటుంది, రాతి పక్కటెముకలన్నీ వచ్చి కలిసే నడిమి రాయి మీద ఆంజూ వంశపు రెండు అడ్డకర్రల శిలువ కనిపిస్తుంది (చిన్న బైనాక్యులర్ ఉంటే తీసుకెళ్లండి, మెడ నొప్పి తగ్గుతుంది). పైకప్పు బరువు ఆ పక్కటెముకల మీదుగా బయటి రాతి దన్నుల్లోకి దిగుతుంది కాబట్టి, గోడకి మోసే పని తగ్గి, అంత పెద్ద కిటికీలు పెట్టగలిగారు. సెయింట్ షాపెల్‌లో అయితే రాళ్ల మధ్య ఇనుప పట్టీలు కూడా దాచి బిగించారు. బరువు ఎలా దిగుతుందో తెలియాలంటే బయటికెళ్లి ఒక చుట్టు తిరగాలి, లోపల్నుంచి అర్థం కాదు.

అద్దాలు చివరికి. సెయింట్ షాపెల్‌లో 15 కిటికీల్లో 1113 బొమ్మలున్నాయి, అన్నీ చూడాలని టెన్షన్ పడొద్దు. ఒక్క కిటికీ పట్టుకుని, కింద ఎడమ మూల నుంచి కుడికి, అలా పైకి చదువుకుంటూ వెళ్లండి.

వెళ్లేలోపు ప్రాక్టీసు కావాలంటే ఒక ఆదివారం మెదక్ చర్చికి వెళ్లి రండి, అదీ ఈ చాపెళ్లలాగే గోతిక్ పద్ధతే (రాతి పక్కటెముకలు, పెద్ద కిటికీల శైలి), 1924లో పూర్తయింది. చీకటి పడ్డాక మాత్రం వెళ్లొద్దు, వెలుతురు లేకపోతే అద్దాలన్నీ నల్లటి పలకల్లా ఉంటాయి.