ఇంట్లోనే స్నూడ్ అల్లుకోవడం ఎలా? అంచు దగ్గర తొందరపడకండి

కొప్పు వల అనగానే అందరికీ నైలాన్‌ది గుర్తొస్తుంది. నేను చెప్పేది అది కాదు. స్నూడ్ అంటే క్రోషేతో, అంటే కొక్కెం ఉన్న ఒకే సూదితో, అల్లిన సంచి లాంటి వల. జుట్టంతా అందులో పడి మెడ వెనక వదులుగా వేలాడుతుంది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో బ్రిటన్ ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లు యంత్రాల్లో జుట్టు చిక్కుకోకుండా ఇవి పెట్టుకునేవారు. మెట్రో దిగి ఆటో ఎక్కేసరికి జుట్టు రేగిపోయే మన హైదరాబాద్ వాళ్లకూ ఇది బాగా పనికొస్తుంది.

4 ప్లై నూలు దారం 100 గ్రాములు, 3 మి.మీ. క్రోషే సూది, సేఫ్టీ పిన్ను, టేపు, సన్న ఎలాస్టిక్ చాలు. కోఠీలోనో జనరల్ బజార్‌లోనో తెచ్చుకోండి. అక్రిలిక్ ఊలు మాత్రం వద్దు, మే నెల ఎండకు తల ఉడికిపోతుంది.

పాత బ్రిటిష్ ప్యాటర్న్ చూసి అల్లేవాళ్లకు ఒక మాట. అందులో డబుల్ క్రోషే అంటే అమెరికన్ లెక్కలో సింగిల్ క్రోషే, అంటే పొట్టి కుట్టు. ఇది తెలియక సగం వల విప్పుకున్నవాళ్లను చూశాను. ఇక్కడ నేను రాసింది అమెరికన్ లెక్క.

6 చైన్లు (గొలుసు కుట్లు) వేసి, కొసను మొదటి చైన్‌తో స్లిప్ స్టిచ్ (కలిపే కుట్టు) వేసి రింగు చేయండి. రింగులోకి ఒక సింగిల్ క్రోషే, 5 చైన్లు, ఇలా 10 సార్లు. చేపల వలలా 10 కన్నులు వస్తాయి. రెండో వరసలో ప్రతి కన్నులో రెండుసార్లు వేస్తే 20. మూడోది మామూలుగా, కన్నుకొకసారే. నాలుగో వరసలో రెండు కన్నులకొకసారి పెంచితే 30. ఐదోది మామూలే. ఆరో వరసలో మూడింటికొకసారి పెంచితే 40. ఇక పెంచొద్దు. వరసల చివర కలపకుండా చుట్టూ తిరుగుతూనే పోవాలి, మొదలు తెలియడానికి సేఫ్టీ పిన్ను పెట్టుకోండి. కలిపితే అక్కడ నిచ్చెనలా గీత పడి వల అందం పోతుంది. నడిమధ్య నుంచి అంచుకు 25 సెం.మీ. వచ్చాక ఆపండి. నడుము దాకా ఒత్తైన జడ ఉంటే 30.

అసలు పని ఇప్పుడే మొదలవుతుంది. వల నోరు చాలా వెడల్పుగా ఉంటుంది, తల చుట్టుకొలత అంత ఉండదు. ఎక్కువమంది ఇక్కడ ఎలాస్టిక్ దూర్చి లాగేస్తారు. అప్పుడు నెత్తి మీద కుచ్చులు పోగుపడి వల మూటలా కనిపిస్తుంది. కొందరు కన్నులు వదిలేసి తగ్గిస్తారు, ఆ సందుల్లోంచి జుట్టు బయటికొస్తుంది. రెండూ తప్పే. నోటిని చైన్ల లెక్కతోనే తగ్గించాలి.

ముందు టేపుతో కొలవండి. చెవి వెనక నుంచి నడినెత్తి మీదుగా రెండో చెవి వెనకకు, అక్కడి నుంచి మెడ వెనకగా మళ్లీ మొదటికి. నూలు సాగుతుంది కాబట్టి అంచు ఈ కొలత కంటే 3 సెం.మీ. తక్కువ ఉండాలి. ఇప్పుడు అల్లే అంచు వరసలో 5 చైన్లకు బదులు 3 వేయండి. బల్ల మీద పరిచి, లాగకుండా చూడండి. ఇంకా పెద్దగా ఉంటే విప్పి, ఒక కన్నుకు 3, పక్కదానికి 2 వేయండి. అంతేగాని దారం బిగించి అల్లకండి. బిగిసిన అంచు సాగదు, సాయంత్రానికి చెవుల వెనక నొప్పి పుడుతుంది.

తర్వాత ప్రతి ఖాళీలోకి 3 సింగిల్ క్రోషేలు వేసి ఒక వరస తిరగండి. దారం తెంపకముందే పెట్టుకుని చూడండి, అదీ జుట్టంతా లోపల వేసుకుని. ఖాళీ వల ఎవరికైనా సరిపోతుంది. నేను మొదటిదాన్ని అలా ఖాళీగానే చూసి దారం తెంపేశాను. ఓ పెళ్లిలో వడ్డించడానికి వంగగానే జుట్టు బరువుకి మెడ మీదికి జారిపోయింది. అందుకే వంగండి, తల అటూ ఇటూ తిప్పండి. వెనక్కి జారితే ఈ రెండు వరసలూ విప్పాల్సిందే, బాధపడొద్దు.

సరిపోయాక మెడ వెనక వచ్చే 18 సెం.మీ. మేర 13 సెం.మీ. ఎలాస్టిక్ పెట్టి, దాని మీదుగా సింగిల్ క్రోషే అల్లుతూ చివరి వరస ముగించండి. రెండు కొసలనూ సూదీదారంతో గట్టిగా కుట్టేయండి. ముందువైపు ఎలాస్టిక్ అక్కర్లేదు, చెవుల వెనక రెండు పిన్నులు చాలు. మల్లెపూలు పెట్టుకోవాలంటే దండను పైఅంచుకు పిన్నుతో గుచ్చండి, కన్నుల్లో దూర్చితే దారం సాగిపోతుంది. ఉతికాక దండెం మీద వేలాడదీయకుండా తువ్వాలు మీద పరిచి ఆరబెట్టండి.