క్యాంపస్‌లో చిన్న గ్రీన్ గ్రాంట్ కావాలంటే ముందు బకెట్ పెట్టి కొలవండి

ప్రతి సంవత్సరం జూనియర్స్ అడుగుతుంటారు, అన్నా మా కాలేజీలో పర్యావరణం మీద ఏదైనా చేద్దామనుకుంటున్నాం, ఒక ముప్పై నలభై వేలు దొరికితే చాలు, ఎవర్ని అడగాలి, అప్లికేషన్ ఎలా రాయాలి అని. నేను బీటెక్‌లో ఉన్నప్పుడు ఒకసారి రిజెక్ట్ అయ్యి, రెండోసారి తెచ్చుకున్నా కాబట్టి ఆ అనుభవంతోనే రాస్తున్నా.

మొదటిసారి మేం రాసిన అప్లికేషన్‌లో రెండు పేజీలు భూమి వేడెక్కడం గురించి, మంచు కరగడం గురించే. అన్నీ నిజాలే, కానీ కమిటీలో ఒక మేడమ్ అడిగింది ఒకే ఒక్క ప్రశ్న, "మీ హాస్టల్‌లో రోజుకి ఎన్ని నీళ్ళు వృథాగా పోతున్నాయమ్మా?" అని. మా నలుగురిలో ఒక్కరి దగ్గర కూడా జవాబు లేదు. అక్కడితో అయిపోయింది.

అందుకే చెప్తున్నా, చిన్న గ్రాంట్ ఇచ్చేవాళ్ళకి ఐడియా ఎంత గొప్పదన్నది తర్వాత సంగతి, మీరు సమస్యని కొలిచారా లేదా అన్నదే ముందు చూస్తారు. మా ప్రాజెక్ట్ హాస్టల్ ఆర్‌ఓ ప్లాంట్‌ది. మన ఊళ్ళలో చాలా హాస్టళ్ళకి బోరు నీళ్ళే దిక్కు, వాటిలో ఉప్పు ఎక్కువ, నల్గొండ వైపు అయితే ఫ్లోరైడ్ కూడా, అందుకే ఆర్‌ఓ పెడతారు, కానీ అది మంచినీళ్ళు ఒక పైపులో ఇస్తూ ఇంకో పైపులో ఉప్పు నీళ్ళు వదిలేస్తుంది, ఆ పైపు నేరుగా డ్రైనేజీలోకి పోతుంది, పక్కనే నిలబడి బాటిల్ నింపుకునే వాళ్ళం కూడా దాన్ని చూడం.

కొలవడానికి ఏం అక్కర్లేదు. 20 లీటర్ల బకెట్ ఆ పైపు కింద పెట్టి ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కండి. మాకు రెండు నిమిషాల్లో నిండింది. అంటే నిమిషానికి 10 లీటర్లు, గంటకి 600, ప్లాంట్ రోజుకి ఏడు గంటలు నడుస్తుంది కాబట్టి 4,200 లీటర్లు. అదే ఎండాకాలంలో మా హాస్టల్‌కి 5,000 లీటర్ల ట్యాంకర్లు కొంటున్నారు! ఒక పక్క దాదాపు ట్యాంకర్ నీళ్ళు కాలవలోకి వదిలేసి ఇంకో పక్క డబ్బులు పెట్టి ట్యాంకర్ తెప్పించడం, ఈ ఒక్క లైన్ రెండో అప్లికేషన్‌లో మొదటి లైన్‌గా పెట్టాం. ఒకరోజు కొలిచి వదిలేయకండి, కనీసం వారం రోజులు ఉదయం సాయంత్రం కొలిచి నోట్‌బుక్‌లో రాయండి, ఆ పేజీ ఫోటో జత చేయండి. వార్డెన్ సార్‌ని అడిగితే ట్యాంకర్ బిల్లులు కూడా చూపిస్తారు, మర్యాదగా అడగండి చాలు.

తర్వాత ఆ నీళ్ళు ఎక్కడ వాడతారో స్పష్టంగా రాయాలి. నీళ్ళలో కరిగిన ఉప్పులు (టీడీఎస్) ఎంతున్నాయో చూపించే పెన్ను లాంటి టీడీఎస్ మీటర్ ఒకటి కొనండి, కొన్ని వందల్లో వస్తుంది. తాగే నీళ్ళకి ఐఎస్ 10500 అనే భారత ప్రమాణం ప్రకారం టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 2000 వరకు ఒప్పుకుంటారు. వేస్ట్ నీళ్ళలో ఉప్పు అంతా చిక్కబడి ఉంటుంది కాబట్టి తాగడానికీ వంటకీ అస్సలు వద్దు. అందరూ వెంటనే "మొక్కలకి పోద్దాం" అంటారు, అది కూడా తొందరపడి రాయకండి, ఉప్పు నేలలో పేరుకుంటే మొక్కలే చచ్చిపోతాయి. ఫ్లష్‌లకీ, వరండాలు కడగడానికీ అయితే బావుంటుంది.

ఇక్కడ ప్లంబర్ అన్నతో కూర్చోవాల్సిందే. మేం ఆర్‌ఓ వేస్ట్ నీళ్ళు పై ట్యాంక్‌లోకి ఎక్కిస్తే సరిపోతుంది అనుకున్నాం, ఆయన గోడ మీద చేత్తో గీసి చూపించాడు, ఫ్లష్‌కీ స్నానాల కుళాయిలకీ ఒకే ట్యాంక్ నుంచి లైన్ వస్తోందని, అందులో కలిపితే ఈ నీళ్ళే స్నానానికీ వస్తాయని. అందుకే ఫ్లష్‌కి వేరే ట్యాంక్, వేరే పైపు వేయాల్సి వచ్చింది, బడ్జెట్ పెరిగింది, అయినా ఆ అరగంట కూర్చోకపోతే ప్రాజెక్టే పాడయ్యేది. అప్లికేషన్‌లో ఆయన సలహా తీసుకున్నామని రాశాం కూడా.

బడ్జెట్‌లో "మెటీరియల్ ఖర్చు" అని ఒక లైన్ రాసి వదిలేయొద్దు. సింటెక్స్ ట్యాంకులు ఎన్ని, ఎన్ని లీటర్లవి, అర హెచ్‌పీ మోటారు, పీవీసీ పైపు ఎన్ని మీటర్లు, ప్లంబర్ కూలీ ఎన్ని రోజులు, అన్నీ విడివిడిగా. మూడు షాపుల్లో కొటేషన్లు తీసుకోండి, జీఎస్టీ కలిపిన రేటా కాదా అడగండి, మేం అది అడక్కపోవడం వల్ల చివర్లో పైపుల దగ్గర 18 శాతం డబ్బు తక్కువ పడింది.

డబ్బు ఎవరిస్తారంటే, మన కాలేజీల్లో గ్రీన్ గ్రాంట్ అని బోర్డు పెట్టుకుని ఎవరూ కూర్చోరు, వెతకాలి. ముందు ఐక్యూఏసీ (కాలేజీలో నాణ్యత చూసే విభాగం) కోఆర్డినేటర్ దగ్గరికి వెళ్ళండి, కాలేజీల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే న్యాక్ పరిశీలనలో నీటి పొదుపు, చెత్త నిర్వహణ, కరెంటు పొదుపు అన్నీ ఉంటాయి కాబట్టి మీ పని వాళ్ళకీ అవసరమే. ఎన్ఎస్ఎస్ యూనిట్, డిపార్ట్‌మెంట్ అసోసియేషన్, పాత విద్యార్థుల సంఘం తర్వాత. దగ్గర్లో ఫ్యాక్టరీ ఉంటే సీఎస్ఆర్ డబ్బు, అంటే కంపెనీలు సమాజం కోసం పెట్టే ఖర్చు, అడగొచ్చు, కానీ స్టూడెంట్ చేతికి ఇవ్వరు, కాలేజీ సొసైటీ లేదా ట్రస్ట్ పేరు మీదే అడగాలి, ఆ డబ్బు తీసుకోవడానికి కావాల్సిన సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ దానికి ఉందో లేదో ఆఫీసులో ముందే కనుక్కోండి.

అమెరికాలో ఎంఎస్‌కి వెళ్ళిన మనవాళ్ళకి ఇది ఇంకా తేలిక, బర్క్‌లీలో 2007లో స్టూడెంట్లే ఓటేసి సెమిస్టర్‌కి తలా 5 డాలర్లతో గ్రీన్ ఫండ్ పెట్టుకున్నారు, అలాంటివి చాలా యూనివర్సిటీల్లో ఉన్నాయి, మీ క్యాంపస్ సస్టైనబిలిటీ ఆఫీసులో అడగండి. ఇక్కడ కూడా 2,000 మంది ఉన్న కాలేజీలో ఇష్టమున్నవాళ్ళు తలా 50 ఇస్తే లక్ష అవుతుంది కదా, నాకు ఇది ఎప్పటికైనా మన దగ్గర చూడాలని ఉంది.

సాంక్షన్ అయ్యాక బిల్లులన్నీ కాలేజీ పేరు మీదే తీసుకోండి, మీ పేరు మీద ఉంటే యూసీలో (డబ్బు దేనికి ఖర్చయిందో చూపించే యుటిలైజేషన్ సర్టిఫికెట్) పెట్టనివ్వరు. ట్యాంక్, మోటారు స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించండి, లేకపోతే రేపు మోటారు కాలిపోతే రిపేరుకి ఎవరూ పైసా ఇవ్వరు. పని మొదలుపెట్టకముందు ఫోటోలు తీయడం మర్చిపోకండి.

మీరు పాసై వెళ్ళిపోయాక ఎవరు చూస్తారో అప్లికేషన్‌లోనే రాయండి, సెకండియర్ వాళ్ళని ఇద్దరిని మొదటిరోజు నుంచే కలుపుకోండి. ట్యాంకులకి మూత గట్టిగా ఉండాలి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. వేసవి సెలవులకి ముందు ట్యాంకులు ఖాళీ చేసి ఆరబెట్టండి, తాళం చెవి ఒకటి హాస్టల్ సూపర్‌వైజర్ దగ్గర పెట్టండి. కాలేజీ తెరిచాక ఆ ఇద్దరు మళ్ళీ అదే బకెట్ అదే పైపు కింద పెట్టి టైమ్ చూడాలి, ముందుకంటే తొందరగా నిండుతోందంటే ఆర్‌ఓలో ఉప్పుని వడగట్టే మెంబ్రేన్ పాడవుతుండొచ్చు, మెకానిక్‌ని పిలిపించండి. ఆ కొత్త లెక్కని డబ్బు ఇచ్చినవాళ్ళకి కూడా ఒక మెయిల్ పెట్టండి, వాళ్ళు అడక్కపోయినా సరే.