ప్రాంప్టుతో రచన – 4వ పాఠం: ఇచ్చిన వాక్యం వ్యాస విషయం కాదు

గత పాఠంలో "నౌపడ వెళ్లే రైలు తప్పిపోయింది" అనే వాక్యాన్ని ప్రాంప్టుగా, అంటే రచనకు ఊతమిచ్చే సూచనగా ఇచ్చి, దానితో ఒక పేజీ కథ రాయమన్నాను. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు నుంచి వచ్చిన కాగితాలు చదివాక, ఈసారి చెప్పదలచుకున్న సంభాషణల పాఠాన్ని వాయిదా వేయక తప్పలేదు. చాలా కాగితాల్లో రైలు ఉంది గాని, దాన్ని అందుకోలేకపోయిన మనిషి లేడు. 1900లో ఈ లైను పర్లాకిమిడి దాకా వచ్చిందనీ, 1931లో గుణుపురం చేరిందనీ, 2011లో బ్రాడ్‌గేజిగా మారిందనీ శ్రద్ధగా రాశారు. సంవత్సరాలన్నీ సరైనవే, కథ మాత్రం మొదలు కాలేదు. మిగిలినవారిలో ఎక్కువమంది ప్లాట్‌ఫారం మీద నిలబడి, జీవితమే ఒక ప్రయాణమని నిట్టూర్చి ఊరుకున్నారు.

ఈ రెండు రకాల కాగితాలదీ ఒకే జబ్బు. ఒడియా బడిలో చదివినా తెలుగు బడిలో చదివినా, ఒక అంశం ఇస్తే దాని గురించి తెలిసినదంతా రాసి మార్కులు తెచ్చుకోవడం మనకు చిన్ననాటి నుంచీ అలవాటు. ప్రాంప్టుకు జవాబు అక్కరలేదు. ఒక మనిషికి ఏదో కావలసి వచ్చి, అది చేతికందకుండా పోయే పరిస్థితిని మీచేత ఊహింపజేయడమే దాని పని. మీ మొదటి పేరా తీసి, అందులో ఎవరికి ఏమి కావాలో, అడ్డు ఏమిటో వేలు పెట్టి చూపించండి. చూపించలేకపోతే ఆ పేరా ఎంత అందంగా ఉన్నా కొట్టివేయండి. గుండె బరువెక్కిన వాక్యాలను, జ్ఞాపకాలు ముసురుకున్న వాక్యాలను నేనైతే చదవకుండానే కొట్టేస్తాను.

అదే వాక్యానికి ఇలా రాయవచ్చు:

"టికెట్టు కౌంటరు దగ్గర ముందున్న పెద్దాయన చిల్లర కోసం జేబులన్నీ వెతుక్కుంటున్నాడు. దూరంగా కూత వినిపించింది. వరుస కదిలితే చాలనుకుని సుభద్ర తన చేతిలోని ఇరవై రూపాయల నోటు ఆయనకిచ్చింది. ఆయన టికెట్టు తీసుకుని పరుగెత్తాక గాని, తన దగ్గర ఇంకేమీ మిగల్లేదని ఆమెకు తట్టలేదు."

ఇందులో రైలు పేరైనా లేదు. సుభద్ర ఎందుకు వెళ్లాలో కూడా ఇంకా తెలియదు, అది రెండో పేరా పని.

నాకు బాగా నచ్చిన ఉపాయం మన అవధానాల్లోనే ఉంది. సమస్యాపూరణంలో పృచ్ఛకుడు, అంటే అవధానిని పరీక్షించేవాడు, సాధారణంగా పద్యం చివరి పాదాన్ని ఇస్తాడు, అదీ అసంబద్ధంగా కనిపించేదాన్ని. అవధాని ముందు పాదాలు కట్టి దానికి అర్థం కుదురుస్తాడు. మీరూ ప్రాంప్టును మొదటి వాక్యంగా కాక చివరి వాక్యంగా పెట్టుకోండి. అక్కడికి చేరాలని తెలిసినప్పుడు వ్యాసం రాయడం దాదాపు అసాధ్యం. ఇచ్చిన మాటలన్నీ పద్యంలో ఇమడ్చే దత్తపది గురించి వేరే చెప్పనక్కరలేదు: సంబంధం లేని నాలుగు మాటలు తీసుకుని ఒకే సన్నివేశంలో ఇమడ్చండి. ఫోనులో రోజుకొకటి చొప్పున వచ్చే ప్రాంప్టుల జోలికి మాత్రం పోకండి, వారానికి ఒకటి చాలు.

డైరీకి వచ్చేసరికి చిక్కు వేరు. "ఈ రోజు నాకు సంతోషం కలిగించినదేమిటి?" అని అడిగితే, మూడో రోజుకే "అంతా బాగుంది" అనే జవాబు వస్తుంది. "ఈ రోజు ఇంట్లో ఏ మాట ఒడియాలో అన్నాం, ఏది తెలుగులో అన్నాం, మధ్యలో భాష మారినప్పుడు ఎదుట ఎవరున్నారు?" అని అడిగితే రాయకుండా ఉండలేరు. 1986లో పెన్నెబేకర్, బీల్ అనే మనస్తత్వ పరిశోధకులు కళాశాల విద్యార్థులచేత వరుసగా నాలుగు రోజులు, పదిహేనేసి నిమిషాలు బాధాకరమైన అనుభవాలను రాయించారు. జరిగినదాన్నీ, దానిపట్ల కలిగిన భావాన్నీ కలిపి రాసినవారు ఆ తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి తక్కువగా వెళ్లారు. కాబట్టి డైరీలో భావాన్ని కొట్టివేయమని నేను అనను, సంఘటన పక్కన ఉంచమంటాను.

అభ్యాసం: "ఆ ఉత్తరం ఇంట్లో ఎవరికీ చదవడం రాలేదు" అన్నది చివరి వాక్యంగా ఒక పేజీ కథ రాయండి. కొన్ని అక్షరాలు వాడవద్దనే నిషిద్ధాక్షరి లాగా ఇక్కడ ఉత్తరం, అక్షరం, బడి, భాష అనే మాటలు ఆ వాక్యానికి ముందు ఎక్కడా రాకూడదు. మరునాడు కథ చూడకుండా, మీ ఇంట్లో మీరు చదవలేని కాగితం ఒకటి ఎదురుగా పెట్టుకుని డైరీ రాయండి. రెండూ కలిపి పంపండి, కథ ఒక్కటే పంపితే దిద్దను.