సంఘం కార్యవర్గంలో మీరు – 4వ పాఠం: బ్యాంకులో ఉన్నదంతా మనది కాదు

పోయిన పాఠం చివర మీ సంఘం బైలా (సంఘం నియమాల పుస్తకం) కాపీ ఒకటి తెచ్చుకోమన్నాం. కోరం (సమావేశం చెల్లాలంటే ఉండాల్సిన కనీస సభ్యుల సంఖ్య) ఎంతో, సమావేశానికి ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలో చూసి పెట్టుకోమన్నాం. కాపీ ఇంకా చేతికి రాకపోయినా ఈ పాఠం ఆపక్కర్లేదు. కార్యదర్శిని మాత్రం వదలకండి. "బీరువాలో ఉంది, తీసిస్తా" అన్న మాట మీద నెలలు గడిచిపోతాయి. అప్పటికీ రాకపోతే ఫీజు కట్టి జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు తీసుకోవచ్చు.

ఈసారి లెక్కల కాగితం. ఏడాదికోసారి సమావేశంలో చాయ్, బిస్కట్లతో పాటు చేతిలో పెట్టి, "అంతా ఆడిటర్ చూసిండు, మీరు సంతకం పెట్టుండ్రి" అనే కాగితం ఇదే. దాన్ని పది నిమిషాల్లో చదవడం నేర్చుకుందాం. అకౌంట్స్ చదివి ఉండాల్సిన పని లేదు. కూడికలు, తీసివేతలు వస్తే చాలు.

హనుమకొండలో ఒక చిన్న సంఘం ఉందనుకోండి. వరంగల్‌లోని ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రికి రోగుల వెంట వచ్చేవాళ్లకు వారానికి రెండు పూటలు అన్నం పెడుతుంది. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను వానకు కాలనీలు మునిగినప్పుడు దుప్పట్లు, బియ్యం పంచింది. 2025–26 సంవత్సరానికి దాని జమాఖర్చులు ఇవీ:

ఏప్రిల్ 1 నాటి నిల్వ: రూ. 1,40,000
విరాళాలు: రూ. 3,60,000
సభ్యత్వ రుసుం: రూ. 12,000
బ్యాంకు వడ్డీ: రూ. 3,000
మొత్తం: రూ. 5,15,000

వరద సాయం (దుప్పట్లు, బియ్యం): రూ. 1,15,000
అన్నదానం: రూ. 1,10,000
ఆఫీసు కిరాయి: రూ. 72,000
జీతం (ఒకరికి): రూ. 96,000
ఆటో, రవాణా: రూ. 14,000
ఇతర ఖర్చులు: రూ. 18,000
మొత్తం ఖర్చు: రూ. 4,25,000

మార్చి 31 నాటి నిల్వ: రూ. 90,000 (బ్యాంకులో 68,000, చేతిలో నగదు 22,000)

కొత్తగా వచ్చిన సభ్యుల చూపు ముందు "ఇతర ఖర్చులు" మీద పడుతుంది. పద్దెనిమిది వేలు ఎందుకైనయ్, ఆటోకు పద్నాలుగు వేలేంది అని అరగంట నడుస్తుంది. అడగొద్దనను. కానీ ఈ కాగితంలో అసలు విషయం అది కాదు. నిల్వ తొంభై వేలుంది కదా, బాగానే ఉన్నామని అందరూ తలూపడమే అసలు ప్రమాదం.

విరాళాల వరస దగ్గరికి రండి. మూడు లక్షల అరవై వేలు ఒకే అంకెగా రాశారు. "ఇందులో వరద కోసమని వచ్చినవి ఎన్ని?" అని అడగండి. రెండు లక్షలు అని జవాబొచ్చిందనుకుందాం. ఖర్చు వైపు వరద సాయం 1,15,000. మిగిలింది 85,000. అది వరద బాధితుల పేరు చెప్పి తెచ్చిన సొమ్ము. దాత ఒప్పుకుంటే తప్ప కిరాయికో జీతానికో వాడడానికి లేదు. తొంభై వేల నిల్వలోంచి ఎనభై అయిదు వేలు పక్కన పెడితే సంఘం సొంత డబ్బు అయిదు వేలు. కిరాయి నెలకు ఆరు వేలు, జీతం ఎనిమిది వేలు. అంటే ఏప్రిల్ కిరాయికి కూడా చాలదు.

ఇక్కడ దొంగతనం ఏమీ జరగలేదు. ప్రతి రూపాయికీ రసీదు ఉండొచ్చు, ఆడిటర్ సంతకం కూడా ఉండొచ్చు. అయినా ఏప్రిల్, మే నెలల్లో జీతం వరద పైసల్లోంచి పోతుంది, ఎవరూ గమనించరు. మళ్లీ వానాకాలం వచ్చి కాలనీలు మునిగితే ఆ 85,000 ఎక్కడని ఎవరో ఒకరు అడుగుతారు. చిన్న సంఘాల పేరు పోయేది ఎక్కువగా ఇట్లాంటి చోటనే అని నా అభిప్రాయం.

చేతిలో నగదు 22,000 గురించి రెండు మాటలు. ఎవరి దగ్గర ఉంది? మార్చి 31న ఎవరైనా లెక్కపెట్టి చూశారా? సంఘం ఎంత నగదు ఉంచుకోవచ్చో బైలాలో ఉందా? లేకపోతే ఒక తీర్మానం చేసుకోండి. ఇంకొకటి, వరదల టైంలో హడావుడిగా కార్యదర్శి సొంత ఫోన్‌పే నంబరు వాట్సాప్‌లో పెట్టి విరాళాలు అడగడం మామూలైపోయింది. ఉద్దేశం మంచిదే. కానీ ఆ డబ్బు ఆయన ఇంటి ఖాతాలో, ఆయన కరెంటు బిల్లుతో కలిసిపోతుంది. సంఘం పేరు మీద క్యూఆర్ తీసుకోవడం పెద్ద పని కాదు. మీరు కార్యవర్గంలోకి వచ్చిన మొదటి నెలలోనే చేయించండి. సంఘానికి 80జీ గుర్తింపు (విరాళం మీద దాతకు ఆదాయపు పన్ను మినహాయింపు ఇప్పించేది) ఉంటే ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. రెండు వేలు దాటి నగదుగా ఇచ్చిన విరాళానికి దాతకు పన్ను మినహాయింపు రాదు. ఆ మాట రసీదు రాసేటప్పుడే దాతకు చెప్పాలి.

ఇంత తెలిసినా నోరు పెగలదు. అధ్యక్షుడు పెద్దమనిషి, సంఘం పెట్టిందే ఆయన. సొసైటీ రిజిస్టర్ కావాలంటే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురుండాలి. మన దగ్గర ఆ ఏడుగురిలో నలుగురు ఆయన బావమరిది, తమ్ముడు, పక్కింటాయన, పాత స్టూడెంటు. అక్కడ లెక్క అడిగితే అది లెక్కలాగా వినపడదు. కార్యవర్గంలో కొత్తగా చేరిన ఒక రిటైర్డ్ టీచరమ్మ అడిగిందనుకోండి, మాటలు ఇట్లా నడుస్తాయి:

"ఏందమ్మా, ఇరవై ఏండ్ల సంది నడుపుతున్న. నా మీద నమ్మకం లేదా?"

"నమ్మకం లేకుంటే ఈడికి ఎందుకొస్తనన్నా? దుప్పట్లకు మా వీధిలో నేనే అడిగి చందా తెచ్చిన. రేపు వాళ్లు నన్నడిగితే ఏం చెప్పాలె? అందుకే వరద పైసలు వేరే వరసలో రాపిద్దాం అంటున్న."

"ఆడిటర్ గట్లనే రాసిచ్చిండు మరి."

"ఆయనను ఇంకో కాగితం జత చేయమందాం. నేనే పోయి చెప్పొస్త."

టీచరమ్మ మూడు పనులు చేసింది. నమ్మకం మాటను ఒక్క ముక్కలో దాటేసింది, దానికి జవాబు చెప్తూ కూర్చోలేదు. దాతల వైపు నుంచి అడిగింది. పనిలో కొంత తన నెత్తిన వేసుకుంది. మూడోది మరిచిపోవద్దు. ప్రశ్న ఒక్కటే విసిరి కూర్చుంటే, అది ఎంత సరైనదైనా, వచ్చే మీటింగుకు మీకు నోటీసు ఆలస్యంగా అందుతుంది.

మాట ఒప్పుకున్నాక అక్కడికక్కడే మినిట్స్ పుస్తకంలోకి (మీటింగు తీర్మానాలు రాసే పుస్తకం) ఎక్కాలి. "లెక్కలపై చర్చించి ఆమోదించడమైనది" అని రాస్తే ఏమీ రాయనట్టే. ఇట్లా రాయించండి: "వరద సాయం నిమిత్తం వచ్చిన రూ. 2,00,000లో ఖర్చు పోను మిగిలిన రూ. 85,000 వేరుగా డిపాజిట్ చేయాలని, దాతల అంగీకారం, కార్యవర్గ తీర్మానం లేకుండా ఇతర ఖర్చులకు వాడరాదని తీర్మానించడమైనది." అంకె ఉండాలి, ఎవరు చేయాలో, ఏ తేదీలోపో కూడా ఉంటే మరీ మంచిది. ఖాళీ పేజీ కింద సంతకాలు ముందే తీసుకొని పైన తర్వాత రాసుకునే అలవాటు మీ సంఘంలో ఉంటే, మీ సంతకం ఒక్కటి ఆపండి చాలు. "రాసినంక పెడ్త" అనండి. గొడవ అక్కర్లేదు.

ఈ విషయంలో పొదుపు సంఘాల మహిళలను చూసి నేర్చుకోవాలి. క్రమంగా సమావేశం, క్రమంగా పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ అనే పంచసూత్రాలు వాళ్లకు నోటికి వచ్చు. అంకెలు అందరి ముందు చదివి వినిపించే అలవాటు మంచి గ్రూపుల్లో ఉంటుంది. ఇటు భీమదేవరపల్లి మండలం ముల్కనూరులో రైతుల సహకార సంఘం 1956 నుంచి నడుస్తున్నది. అంటే లెక్క అడగడం, చెప్పడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. మీ కార్యవర్గంలో ఖాళీ ఉంటే మరో రిటైర్డ్ ఆఫీసరును వెతికే ముందు గ్రూపు పుస్తకాలు రాసిన ఒక మహిళను అడగండి.

చిన్న సంగతి ఒకటి మిగిలింది. సర్వసభ్య సమావేశం అయ్యాక పదిహేను రోజుల్లో కార్యవర్గ సభ్యుల జాబితా రిజిస్ట్రారుకు చేరాలి. మీ పేరు అందులో ఉందో లేదో చూసుకోండి. దాని వివరం ఆరో పాఠంలో.

అభ్యాసం: పైన ఇచ్చిన పట్టికనే తీసుకోండి. నవంబరులో ఒక బట్టల దుకాణం యజమాని యాభై దుప్పట్లు ఉచితంగా ఇచ్చాడు. మార్చిలో అన్నదానం సరుకులకు కోశాధికారి తన జేబులోంచి పన్నెండు వేలు కట్టాడు, ఇంకా తిరిగి తీసుకోలేదు. ఈ రెండూ పట్టికలో కనపడవు. దుప్పట్లు ఏ పుస్తకంలో ఉండాలి? కోశాధికారికి ఇవ్వాల్సిన పన్నెండు వేలు లెక్కలోకి తీసుకుంటే సంఘం సొంత డబ్బు ఎంతవుతుంది? కాగితం మీద వేసి పెట్టుకోండి, అయిదో పాఠం మొదట్లో జవాబుతో సరిచూద్దాం. ఆ పాఠంలో విషయం: కార్యవర్గ సభ్యుడి చుట్టానికే సంఘం కాంట్రాక్టు ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఎవరు లేచి బయట కూర్చోవాలి.