స్పారింగ్ అంటే భయమా? ముందు కళ్లు మూయడం మానండి

కరాటేలో కటాలు (ఒంటరిగా చేసే వరస కదలికలు) చక్కగా చేసేవాళ్లు కూడా మొదటిసారి స్పారింగ్‌కి, అంటే ఎదుటి మనిషితో సాధన పోరుకి, నిలబడగానే బిగుసుకుపోతారు. పంచ్ వస్తుంటే కళ్లు మూతపడతాయి, ఊపిరి ఆగిపోతుంది, తల వెనక్కి పోతుంది. అడ్రినలిన్ ఎక్కితే ఎవరికైనా అంతే, బ్లాక్ బెల్ట్ వాళ్లకీ ఎక్కుతుంది, కాకపోతే వాళ్లకి అలవాటైపోయింది. "ధైర్యం తెచ్చుకో" అనే సలహాతో అలవాటు రాదు.

నమ్మకమున్న పార్ట్‌నర్‌ని మొహానికి జానెడు దూరంలో ఆగేలా మెల్లగా పంచ్‌లు వేయమనండి. మీరు కొట్టొద్దు, ఆపొద్దు, కళ్లు తెరిచి చూస్తూ ప్రతి పంచ్‌కీ ఊపిరి వదలండి, అంతే. రెప్ప వేయడం తగ్గాక వేగం పెంచమనండి. తర్వాత గ్లోవ్స్ వేసుకుని భుజాల మీద, పొట్ట మీద తేలిగ్గా తగలనివ్వండి (తల మీద మాత్రం వద్దు). షోటోకాన్ అనే కరాటే శైలిలో గోహోన్ కుమితే, ఇప్పోన్ కుమితే అనే జంట సాధనలు ముందు నేర్పేది ఇందుకే: దాడి ఏదో ముందే చెప్పి ఐదు అడుగులు, తర్వాత ఒక్క అడుగు, చివరికి ఏం వస్తుందో తెలియని ఫ్రీ స్పారింగ్. ఈ మెట్లన్నీ దాటించేసి మొదటి వారమే సీనియర్ మీదికి తోసే మాస్టర్లూ ఉన్నారు. అక్కడ భయం పోవడం అటుంచి పిల్లలు క్లాసే మానేస్తారు, కాబట్టి "ఇప్పుడే వద్దు సార్" అనడానికి మొహమాటపడకండి.

ఇక చూపు. ఎదుటివాళ్ల చేతినే చూస్తే ఎప్పుడూ ఆలస్యమే. మెడ కింద, ఛాతీ దగ్గర చూపు నిలిపితే భుజం కదలడం, నడుము తిరగడం, కిక్‌కి ముందు బరువు ఇంకో కాలి మీదికి మారడం అన్నీ కలిపి కనిపిస్తాయి. అవి అందడం మొదలైతే టెన్షన్ దానంతటదే తగ్గుతుంది. పాయింట్ కొట్టాక చాలామంది మాస్టర్ వైపు తిరుగుతారు, జాన్షిన్, అంటే సడలని ధ్యాస, కావాల్సింది సరిగ్గా అప్పుడే: చేతులు దించకుండా కాస్త వెనక్కి జరిగి, ధ్యాస ఎదుటివాళ్ల మీదే ఉంచాలి.

వీధిలో ఈ ధ్యాసని సాధన చేయడానికి గొడవలేం అక్కర్లేదు. బస్టాండ్‌లో ఇయర్‌ఫోన్స్ తీసేసి ఎవరు ఎక్కడున్నారో, బయటికి దారి ఎటో గమనించండి. ఎవరైనా మీదికొస్తుంటే చెయ్యి చాచినా అందనంత దూరం జరగండి, గట్టిగా అరవండి, సందు దొరికితే పరుగెత్తి 112కి ఫోన్ చేయండి. కత్తి చూపించి పర్సు అడిగితే ఇచ్చేయండి, మీ బెల్ట్ ఏ రంగుదైనా సరే.