మీ సంస్థలో మంచి పని వాతావరణం తేవడం ఎలా?

తిరుపతిలో కొత్తగా వ్యాపారం పెట్టినవాళ్లు చాలామంది స్వామి పటం పక్కనే 'మన విలువలు' అని ఒక ఫ్లెక్సీ కట్టి, కంపెనీకి మంచి కల్చర్ వచ్చేసిందనుకుంటారు. ఫ్లెక్సీలో నిజాయతీ ఉంటుంది, 'మనదంతా ఒకే కుటుంబం' ఉంటుంది. పదో తేదీ దాటినా పనివాడి చేతిలో జీతం మాత్రం ఉండదు. లాడ్జీల్లో, ట్రావెల్స్ ఆఫీసుల్లో, చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో ఈ తంతు చూసీ చూసీ విసుగొచ్చి రాస్తున్నా.

కావలసినవి: ఒక నోటీసు బోర్డు, ఒక హాజరు రిజిస్టరు, పనివాళ్లు తినేదే తినే ఓనరు. వాళ్లకు సంగటి, మీకు ఏసీ గదిలోకి పార్సిల్ అయితే ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు.

1. జీతం తేదీ పెట్టండి

చట్టం ప్రకారం నెల జీతం మరుసటి నెల ఏడో తేదీలోగా అందాలి. నేనైతే ఒకటో తేదీ అంటాను. పదిమంది, అంతకు మించి ఉంటే ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా), ఇరవైమంది, అంతకు మించి ఉంటే పీఎఫ్ (భవిష్య నిధి) కట్టండి. ఇందులో చర్చేమీ లేదు.

2. మూడే నియమాలు రాయండి

నాలుగోది రాస్తే మొదటిది మరిచిపోతారు. గుణాలు రాయకండి, పనులు రాయండి. 'నిజాయతీగా ఉండాలి' అంటే కౌంటర్‌లో కుర్రాడికి ఏం అర్థమవుతుంది? లాడ్జి అయితే ఇలా రాయండి: 'దర్శనం టికెట్ ఇప్పిస్తామని యాత్రికుడితో అనకూడదు.' మూడొందల రూపాయల టికెట్ టీటీడీ ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది. సర్వదర్శనం టోకెన్లు విష్ణు నివాసం, శ్రీనివాసం, భూదేవి కాంప్లెక్సుల్లో ఉచితంగా ఇస్తారు. అడిగినవాళ్లకు దారి చెప్పి పంపడమే మీ కుర్రాడి పని. గుజ్జు ఫ్యాక్టరీ అయితే: 'బెల్టు మీద కుళ్లిన కాయ కనిపిస్తే ఎవరైనా లైను ఆపొచ్చు, ఆపినవాళ్లను తిట్టకూడదు.'

3. మీకు కావలసినవాడు నియమం తప్పిన రోజు

అందరూ చెడగొట్టేది ఇక్కడే. నెమ్మదిగా చదవండి.

నియమాన్ని మొదట తప్పేది రూమ్ బాయ్ కాదు. సీజన్‌లో గదులన్నీ నింపే సీనియర్ రిసెప్షనిస్టో, మీ బావమరిదో. యాత్రికుడిని దళారీకి అప్పగించి కమీషన్ తీసుకుంటాడు. సంగతి మీ చెవిన పడేలోపే స్టాఫందరికీ తెలిసిపోతుంది. వాళ్లు నోరు తెరవరు, గమ్మునుండి మీ ముఖమే చూస్తుంటారు. ఆ రోజు మీరు ఏం చేస్తారో అదే మీ కంపెనీ నియమం. బోర్డు మీద ఉన్నది కాదు.

ఆ రోజే మాట్లాడండి. 'బ్రహ్మోత్సవాలు అయిపోనీ' అనుకున్నారా, వైకుంఠ ఏకాదశి వస్తుంది, ఆ వెనకే వేసవి రద్దీ. తిరుపతిలో ఖాళీ సీజన్ కోసం ఎదురుచూసినవాడెవడూ బాగుపడలేదు. నలుగురి ముందు అరవకండి. మనిషి తప్పు మరిచిపోయి పరువు కోసం కొట్లాడతాడు. ముందు రిజిస్టరు, కెమెరా చూసుకోండి. తర్వాత తలుపు వేసి, 'ఏం జరిగింది?' అని అడిగి, పూర్తిగా వినండి.

ఇక శిక్ష. రూమ్ బాయ్‌కి ఏం చేసేవాళ్లో సరిగ్గా అదే చేయాలి, ఒక మెట్టు తగ్గకూడదు. అలాగని జీతంలో ఇష్టమొచ్చినట్టు కోయకండి. జరిమానా ఆ నెల జీతంలో 3 శాతం దాటకూడదని చట్టం. అదీ ముందుగా నోటీసు పెట్టిన తప్పులకే. కౌంటర్ నుంచి తప్పించడం, రాతపూర్వకంగా హెచ్చరించడం, మళ్లీ చేస్తే పంపేయడం మేలు.

'అన్నా, ఆయన్ను ఏమైనా అంటే పక్క లాడ్జికి పోతాడు' అని మేనేజర్ భయపెడతాడు. పోనీండి. అతను ఉంటే పోయేది మిగతా మంచివాళ్లు, వాళ్లు మీకు చెప్పి కూడా పోరు. బావమరిది విషయమైతే పనిలో చేర్చుకునే రోజే ఇంట్లో అందరి ముందూ మాట అనేయండి. తర్వాత చెబితే గొడవ లాడ్జిలో ఆగదు, వంటింటిదాకా వస్తుంది.

బెంగళూరు నుంచి స్పీకర్‌ను పిలిపించి ఒకపూట చప్పట్లు కొట్టించేవాళ్లు, తలకోన తీసుకెళ్లి బిర్యానీ పెట్టించేవాళ్లు ఉన్నారు. బిర్యానీకి నేను వ్యతిరేకం కాదు. కానీ వ్యాన్‌లో ముందు సీటులో ఆ కమీషన్ మనిషే కూర్చుంటే వెనక సీట్లవాళ్లు ఏం మాట్లాడుకుంటారో మీకు వినిపించదు.

4. సెలవుల పట్టిక, ఫిర్యాదు దారి

బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులూ అందరికీ సెలవు కుదరదు, సరే. ఎవరికి ఎప్పుడో నెల ముందే బోర్డు మీద పెట్టండి. గంగజాతరకు ఊరివాళ్లు అడుగుతారు, వంతులు వేయండి. పదిమంది, అంతకు మించి పనిచేసేచోట లైంగిక వేధింపులపై మహిళల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ 2013 చట్టం ప్రకారం తప్పనిసరి. సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు అదే బోర్డు మీద రాయండి, అందులో ఒకరు బయటివారై ఉండాలి.